ఎక్స్‌పోర్ట్ బటన్ వెనుక ముప్పయ్యేళ్లు

ఎడిటింగ్ పూర్తయిన వీడియోను, మిక్సింగ్ ముగిసిన పాటను ఇంటర్నెట్‌లో ప్రసారానికి తగిన ఫైలుగా మార్చి బయటికి తీయడాన్ని ఎడిటింగ్ గదుల్లో ఎక్స్‌పోర్ట్ అంటారు. ఈ పని మొదటి నుంచీ ఒక లెక్క మీదే నడిచింది. అడ్డంగా 320, నిలువుగా 240 చుక్కలున్న చిన్న బొమ్మ, సెకనుకు 15 ఫ్రేములు, చుక్కకు 24 బిట్ల రంగు అనుకుంటే, కుదించకుండా పంపడానికి సెకనుకు సుమారు 2 కోట్ల 76 లక్షల బిట్లు కావాలి. 1990ల మధ్యలో ఇళ్లలో ఉన్న మంచి మోడెమ్ కూడా ఫోన్ లైను మీద సెకనుకు 28,800 బిట్లే మోయగలిగేది. అంటే వెయ్యి బిట్లలో ఒక్కటి మిగిలి, తక్కినవన్నీ పోవాలి. పోయినా చూసేవాడికి లోటు తెలియకూడదు. ఏది వదలాలి, వదిలే నిర్ణయం ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు కాలంతో పాటు మారుతూ వచ్చిన జవాబులే ఈ పనికి చరిత్ర.

వదలడానికి కావలసిన గణితం వెబ్ పుట్టక ముందే సిద్ధమైంది. బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లిన నాసిర్ అహ్మద్, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తుండగా 1972లో ఒక ఆలోచనను కాగితం మీద పెట్టి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. ఆ సంస్థ ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అభిప్రాయపడ్డట్టు అహ్మద్ తర్వాత రాసుకున్నారు. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. శిష్యుడు టి. నటరాజన్‌తోను, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడైన మిత్రుడు కమిశెట్టి రామమోహనరావుతోను కలిసి 1974 జనవరిలో పరిశోధన పత్రంగా ప్రచురించారు. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. నేటికీ తెర మీద కదిలే బొమ్మల్లో అత్యధిక భాగం దీన్నో, దీని నుంచి పుట్టిన రూపాలనో దాటి రావలసిందే.

డీసీటీ తనంతట తాను దేన్నీ వదలదు, వదలడానికి వీలుగా బొమ్మను విడదీసి పెడుతుంది. ఎనిమిదేసి చుక్కల చదరపు గడిని తీసుకుని, అందులో మెల్లగా మారే వెలుగునీడలను ఒక పక్కకు, చిన్నచిన్న గీతలూ గరుకుదనాలను మరో పక్కకు చేరుస్తుంది. సన్నటి వివరాల్లో కొంత పోయినా మనిషి కన్ను పెద్దగా పట్టించుకోదు కాబట్టి, రెండో పక్క అంకెలను ముతకగా కత్తిరిస్తారు. ఆ అంకెల్లో చాలావరకు సున్నాలైపోతాయి. వరుసగా ఉన్న సున్నాలను రాయడానికి చోటు పెద్దగా అక్కర్లేదు. రంగుల విషయంలో కన్ను ఇంకా ఉదారం. అందుకే వెలుగును పూర్తి వివరంతోను, రంగును అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతోను పంపడం మామూలైంది. మిగిలిన పొదుపు కదలిక నుంచి వస్తుంది. వరుస ఫ్రేముల్లో ఎక్కువ భాగం మారకుండా ఉంటుంది. ఒక ఫ్రేమును పూర్తిగా పంపి, ఆ వెనక వచ్చేవాటికి ఏ గడి ఎటు జరిగిందన్న సమాచారాన్ని, ఆ జరుగుబాటుతో పూడని తేడాను పంపితే చాలు. పూర్తిగా పంపేది కీఫ్రేమ్.

ఈ మూడు ఉపాయాలను కలిపి 1990 నాటికి హెచ్.261 ప్రమాణం వచ్చింది. అది టెలిఫోన్ లైన్ల మీద వీడియో సమావేశాల కోసం చేసింది. 1988లో లియొనార్డో కియారిల్యోనె, హిరోషి యసుదాల చొరవతో ఏర్పడిన ఎంపెగ్ బృందం కాంపాక్ట్ డిస్క్ వేగానికి సరిపోయేలా సెకనుకు 15 లక్షల బిట్లలో బొమ్మనూ ధ్వనినీ ఇమిడ్చే పని చేపట్టింది. దాని ఫలితమైన ఎంపెగ్-1 ప్రమాణమే 1993లో వీడియో సీడీకి ఆధారమైంది. తెలుగు ఊళ్లలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలకు ఎక్స్‌పోర్ట్ పరిచయమైంది చాలావరకు ఈ వీసీడీలతోనే. 352 బై 288 చుక్కల బొమ్మ, దానికి సెకనుకు 1,150 కిలోబిట్లు, ధ్వనికి 224, ఒక డిస్కుకు 74 నిమిషాలు అన్న లెక్కలు ముందే ఖరారై ఉండేవి. సెకనుకు ఇన్ని బిట్లన్న ఆ స్థిరమైన బిట్‌రేటు ఎంత చాలదో తలంబ్రాల ఘట్టం బయటపెట్టేది. వధూవరులు కదలకుండా కూర్చున్నంతసేపూ బొమ్మ శుభ్రంగా ఉంటుంది. బియ్యం గింజలు ఒక్కసారిగా నాలుగు దిక్కులా రాలేసరికి ఏ గింజ ఎటు పోయిందో కోడెక్, అంటే కుదించి విప్పే పద్ధతి, ఊహించలేదు. బిట్లు చాలక తెరంతా గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. వాన, నీటి తుంపర, గాలికి ఊగే ఆకులు, వేదిక మీద మెరిసే లైట్లు కూడా ఇదే ఇబ్బంది పెడతాయి. దృశ్యం ఎంత సేపు ఉందన్నదాని కంటే ఎంత చెదురుతోందన్నదే ఫైలు బరువును నిర్ణయిస్తుందన్న పాఠం ఈ పనిలో ఉన్నవారందరికీ అనుభవంతోనే అబ్బింది.

ధ్వనికి దారి వేరు. సీడీలో పాట సెకనుకు 14,11,200 బిట్లు తీసుకుంటుంది. జర్మనీలో ఎర్లాంగెన్ పట్టణంలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు చెవి బలహీనత మీద దృష్టి పెట్టారు. పెద్ద శబ్దం వినిపిస్తున్న క్షణంలో దానికి దగ్గరి స్థాయిలో ఉన్న చిన్న శబ్దం చెవికి ఆనదు. ఆననిదాన్ని పంపనక్కర్లేదు. ఈ సూత్రం మీద రూపొందిన కోడెక్‌ను సరిదిద్దడానికి సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ పాటను బ్రాండెన్‌బుర్గ్ పదేపదే విన్నారు. ఒంటరి గొంతులో చిన్న మరక కూడా దాగదు. 1995 జూలై 14న ఆ ఫైళ్లకు ఎంపీ3 అన్న తోక పేరు ఖాయమైంది. సెకనుకు 128 కిలోబిట్ల దగ్గర సీడీలో పదకొండో వంతు బరువుతో పాట చాలామందికి తృప్తిగానే వినిపించేది. చిక్కల్లా వాడిగా మొదలయ్యే దెబ్బలతో వచ్చింది. ఘటం మీద, మృదంగం మీద వేలు పడకముందే సన్నని బుస వినిపించడం తక్కువ బిట్‌రేటు ఎంపీ3లకు ఉన్న లోపం. దెబ్బకు ముందూ వెనకా ఉన్న ధ్వనిని ఒకే ముక్కగా తీసుకుని కుదించడం వల్ల, తప్పు ఆ ముక్క అంతటా పరుచుకుంటుంది. కర్ణాటక సంగీతాన్ని నెట్‌లో పెట్టేవారు బిట్‌రేటు పెంచాలని పట్టుబట్టడంలో న్యాయం ఉంది.

కుదించడం సాధ్యమైనా ప్రసారం అంత తొందరగా రాలేదు. 1993 జూన్ 24న సివియర్ టైర్ డ్యామేజ్ అనే బృందం జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రం నుంచి చేసిన కచేరీ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా సాగింది. అది ఎంబోన్ అనే ప్రత్యేక మార్గం అందుబాటులో ఉన్న కొద్ది సంస్థలకే చేరింది. మామూలు ఇంటి కనెక్షన్‌లో ఫైలు మొత్తం దిగేదాకా ఎదురుచూడాల్సిందే. 128 కిలోబిట్ల చొప్పున నాలుగు నిమిషాల పాట 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద దిగడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టేది.

ఈ ఎదురుచూపును తప్పించింది 1995 ఏప్రిల్‌లో వచ్చిన రియల్ ఆడియో. మైక్రోసాఫ్ట్ నుంచి బయటికి వచ్చిన రాబ్ గ్లేజర్ సియాటెల్‌లో పెట్టిన ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ దీన్ని తయారు చేసింది. కొన్ని సెకన్ల ధ్వనిని ముందుగా పోగుచేసుకుని వినిపించడం మొదలుపెట్టడం, వినిపిస్తూనే తరవాతి భాగాన్ని దింపుకోవడం దీని పద్ధతి. అదే ఏడాది సెప్టెంబర్ 5న సియాటెల్ మారినర్స్, న్యూయార్క్ యాంకీస్ జట్ల బేస్‌బాల్ ఆట వ్యాఖ్యానం ఇలా నెట్‌లో వినిపించింది. 14.4 మోడెమ్‌కు సరిపోవాలి కాబట్టి మొదటి రూపంలో ధ్వని టెలిఫోన్ మాటల స్థాయి దాటలేదు. భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ తెరిచింది కూడా ఆ సంవత్సరమే, ఆగస్టు 15న. ఇక్కడి డయలప్ లైన్లకు రియల్ ఆడియో కూడా భారమే. ఆ సౌకర్యం ముందుగా అక్కరకు వచ్చింది అమెరికాలో ఉన్న తెలుగువారికి. 2000 ప్రాంతాల్లో రాగా, మ్యూజిక్ ఇండియా ఆన్‌లైన్ వంటి సైట్లలో సినిమా పాటలు, అన్నమయ్య కీర్తనలు రియల్ ప్లేయర్ ద్వారా వినిపించేవి. క్యాసెట్టు కోసం ఊరి నుంచి వచ్చేవాళ్ల దాకా ఆగనవసరం లేకపోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

1997లో రియల్ వీడియో రావడంతో ఎక్స్‌పోర్ట్ ఒక చేతిపనిగా స్థిరపడింది. మోడెమ్ మీద రాసిన వేగం కాగితం మీది వేగమే. 28.8 మోడెమ్‌కు ఫైలును 20 కిలోబిట్లకు, 56 మోడెమ్‌కు 34 కిలోబిట్లకు తయారుచేయడం వాడుక. ఆ 34లో ధ్వనికి ఎంత, బొమ్మకు ఎంత అన్నది ఎడిటరే తేల్చుకోవాలి. ఉపన్యాసమైతే మాట స్పష్టంగా వినిపించడం ముఖ్యం, బొమ్మ సెకనుకు ఏడెనిమిది ఫ్రేములకు పడిపోయినా పర్వాలేదు. నాట్యమైతే అలా కుదరదు. కెమెరా టేపు నుంచి వచ్చిన బొమ్మ టీవీ పద్ధతిలో సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి చిత్రించినది. దాన్ని కంప్యూటర్ తెరకు అలాగే పంపితే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. ముందు ఆ గీతలను కలపాలి, అంచుల్లోని నల్ల పట్టీలు కత్తిరించాలి, టేపు గరుకుదనాన్ని మెత్తబరచాలి. గరుకుదనం కూడా కోడెక్ దృష్టిలో కదలికే, బిట్లను మింగేస్తుంది. టెర్రాన్ ఇంటరాక్టివ్ సంస్థ మీడియా క్లీనర్, ఆ తర్వాత సోరెన్‌సన్ స్క్వీజ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనుల కోసమే అమ్ముడుపోయాయి. నిమిషం వీడియో కుదింపుకు ఎన్నో నిమిషాలు పట్టేది. కాబట్టి రాత్రి పెట్టి పొద్దున చూసుకోవడం స్టూడియోల అలవాటు.

కోడెక్‌ల మధ్య పోటీ ఈ శ్రమను మూడింతలు చేసింది. రియల్, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మీడియా, ఆపిల్ క్విక్‌టైమ్ ఒకదాని ఫైలును ఒకటి ఆడించేవి కావు. మూడు వేగాల చొప్పున మూడింటికీ చేస్తే ఒకే వీడియోకు తొమ్మిది ఫైళ్లు. రియల్ సంస్థ 1998లో తెచ్చిన ష్యూర్‌స్ట్రీమ్ ఒకే ఫైలులో పలు బిట్‌రేట్లను దాచి, లైను బిగుసుకుంటే కింది మెట్టుకు దిగే వీలు కల్పించింది. ఆ ఆలోచన పదేళ్లు ముందుగా వచ్చిందని చెప్పాలి. దాన్ని నడపడానికి ఆ సంస్థ సర్వరే ఉండాలి. ఆ షరతే దాన్ని విస్తరించనివ్వలేదు.

క్విక్‌టైమ్ మాత్రం మామూలు వెబ్ సర్వర్ మీదే బతికే దారి చూపింది. ఆ ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడ ఉందో చెప్పే పట్టికకు మూవ్ ఆటమ్ అని పేరు. రికార్డింగ్ ముగిస్తేగాని ఫ్రేముల స్థానాలు తెలియవు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని సహజంగానే చివర రాస్తుంది. విషయసూచిక ఆఖరి పేజీలో ఉన్న పుస్తకం పేజీ పేజీగా వచ్చినట్టు, ఫైలు మొత్తం దిగేదాకా ప్లేయర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఫాస్ట్ స్టార్ట్ అన్న గడిలో టిక్కు పెడితే ఆ పట్టిక ముందుకు వస్తుంది, దిగుతుండగానే ఆట మొదలవుతుంది. 1999 మార్చిలో స్టార్ వార్స్ కొత్త సినిమా ట్రైలర్ లక్షల మందికి నెట్‌లో చేరింది క్విక్‌టైమ్ ఫైలుగానే. బొమ్మనూ ధ్వనినీ కలిపి ఉంచే ఎంపీ4 ఫైలు రూపాన్ని క్విక్‌టైమ్ నమూనా మీద కట్టారు కనుక ఆ పట్టిక సమస్య నేటి ఎంపీ4లకూ వారసత్వంగా వచ్చింది. 2000లో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ దానికోసం ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆదేశం ఉంది. సొంత సైటులో పెట్టిన వీడియో ఎంతకీ మొదలు కాకపోతే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

మూడు ప్లేయర్ల తగవును తీర్చింది నాలుగోది. బొమ్మలు ఆడించడానికి అప్పటికే దాదాపు ప్రతి బ్రౌజర్‌లో ఉన్న ఫ్లాష్, 2002లో వచ్చిన ఆరో రూపంలో వీడియో నేర్చుకుంది. 2005 ఏప్రిల్ 23న యూట్యూబ్‌లో చేరిన తొలి వీడియో, జంతుప్రదర్శనశాలలో తీసిన 19 సెకన్ల ముక్క, ఫ్లాష్‌ను నమ్ముకునే జనంలోకి వెళ్లింది. ఎక్స్‌పోర్ట్ చరిత్రలో అసలు మలుపు మాత్రం అక్కడి ప్లేయర్ కాదు. ఎక్కించేవాడు ఏ ఫైలు ఇచ్చినా సరే, దాన్ని 320 బై 240 ఫ్లాష్ వీడియోగా మార్చే భారాన్ని సైటు తన సర్వర్ల మీద వేసుకుంది. పదేళ్లు ఎడిటర్ చేతిలో ఉన్న నిర్ణయం మొదటిసారి అతని చేతిలోంచి జారింది. తొమ్మిది ఫైళ్ల బెడద పోయింది, దాంతో పాటే ఉపన్యాసానికి ఒక తీరు, నాట్యానికి ఒక తీరు అన్న విచక్షణ కూడా పోయింది. లాభం నష్టం కంటే ఎన్నో రెట్లు పెద్దదే. సెకనుకు ఎన్ని కిలోబిట్లో తెలియనివారు కూడా ప్రపంచానికి చూపించగలిగారు. తర్వాతి దశాబ్దంలో తెలుగు లఘుచిత్రాలు యూట్యూబ్‌లో పుంఖానుపుంఖాలుగా రావడానికి కెమెరాలు చవకవడం ఎంత కారణమో ఇదీ అంతే.

ఈలోగా 2003 మేలో ఖరారైన హెచ్.264, మునుపటి కోడెక్‌ల బిట్లలో సుమారు సగంతోనే అదే నాణ్యత ఇచ్చి అందరినీ తనవైపు లాక్కుంది. 2007లో వచ్చిన ఐఫోన్ ఫ్లాష్‌ను దగ్గరికి రానివ్వకపోవడంతో యూట్యూబ్ తన నిల్వలను హెచ్.264లోకి మార్చడం మొదలుపెట్టింది. ఏ ప్లగిన్ లేకుండా బ్రౌజరే వీడియో ఆడించాలన్న ప్రతిపాదనను అదే ఏడాది ఒపేరా సంస్థ ముందుకు తెచ్చింది. హెచ్‌టీఎంఎల్5లో వీడియో ట్యాగ్ అలా వచ్చింది. ట్యాగ్ ఒకటే అయినా కోడెక్ మీద ఏకాభిప్రాయం కుదరలేదు. హెచ్.264కు పేటెంట్ రుసుములు ఉన్నాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వారు రుసుము లేని థియోరా కోడెక్‌ను కోరారు. గూగుల్ 2010లో ఆన్2 సంస్థను కొని, వీపీ8 కోడెక్‌తో వెబ్‌ఎం అనే ఫైలు రూపాన్ని ఉచితంగా విడుదల చేసింది. కొన్నేళ్లపాటు జాగ్రత్తపరులు ఎంపీ4 ఒకటి, వెబ్‌ఎం ఒకటి చొప్పున రెండేసి ఫైళ్లు చేసి పెట్టారు. ఫ్లాష్ ప్రస్థానం 2020 డిసెంబర్ 31తో ముగిసింది.

2009లో ఆపిల్ ఐఫోన్‌కు తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి ఫైలు అన్న భావననే ముక్కలు చేసింది. వీడియోను పది సెకన్ల తునకలుగా కోసి, ఒక్కో తునకను పలు బిట్‌రేట్లలో తయారు చేసి, వాటి జాబితాను ప్లేలిస్టుగా పక్కన పెడతారు. ఫోనులోని ప్లేయర్ తనకు అందుతున్న వేగాన్ని కొలుచుకుంటూ తరవాతి తునకను ఏ మెట్టు నుంచి తీసుకోవాలో తేల్చుకుంటుంది. తునకలు మామూలు వెబ్ ఫైళ్లే కాబట్టి ప్రత్యేక సర్వర్ అక్కర్లేదు, ష్యూర్‌స్ట్రీమ్‌కు అడ్డొచ్చిన షరతు ఇక్కడ లేదు. 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డ్యాష్ కూడా ఇదే బాట. వదిలే నిర్ణయం ఇప్పుడు సర్వర్ నుంచి కూడా జారి చూసేవారి జేబులోకి చేరింది. ఎక్స్‌పోర్ట్ చేసేవారికి ఒక కొత్త నియమం మిగిలింది. ప్రతి తునకా కీఫ్రేమ్‌తో మొదలవ్వాలి, అన్ని మెట్లలోనూ కీఫ్రేములు ఒకే క్షణంలో పడాలి. లేకపోతే మెట్టు మారిన చోట బొమ్మ ఎగురుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 50 ఫ్రేములకు ఒక కీఫ్రేమ్ అన్న అలవాటు అలా ఏర్పడింది.

2016 సెప్టెంబర్‌లో జియో రాకతో మొబైల్ డేటా చవకై, ఈ మెట్ల పద్ధతి అసలు విలువ భారతదేశంలో తెలిసింది. బస్సు ఊరు దాటేటప్పుడు బొమ్మ మసకబారి, టవర్ దగ్గరపడగానే తేటపడటం కోట్ల మందికి నిత్యానుభవం. 2020 ఉగాదికి పూర్తిగా తెలుగు కోసమే ఆహా అనే స్ట్రీమింగ్ వేదిక మొదలవ్వగలిగిందంటే, అంత పెద్ద ప్రేక్షకలోకం అప్పటికి ఫోన్లలో సిద్ధంగా ఉండటమే కారణం. నెట్‌ఫ్లిక్స్ 2015 డిసెంబర్‌లో, అన్ని సినిమాలకూ ఒకే మెట్ల వరుస వాడటం మానేసి సినిమా సినిమాకూ వేరుగా లెక్కగడుతున్నట్టు ప్రకటించింది. యానిమేషన్ బొమ్మకు తక్కువ బిట్లు, పోరాట దృశ్యాలకు ఎక్కువ. యూట్యూబ్ తొలినాళ్లలో పోయిన విచక్షణ ఈసారి యంత్రం రూపంలో తిరిగి వచ్చింది.

కోడెక్‌ల వేట కూడా ఆగలేదు. 2012లో వచ్చిన ఓపస్ మాటకూ పాటకూ ఒకేలా పనికివచ్చి ధ్వనిలో చాలా పాత కోడెక్‌లను వెనక్కి నెట్టింది. 2013లో హెచ్‌ఈవీసీ, వీపీ9, 2018 మార్చిలో ఎవీ1 వచ్చాయి. ఎవీ1లో ఒక విశేషం గమనించదగ్గది. పాత ఫిల్ములోని రేణువుల గరుకుదనాన్ని ముందు తుడిచేసి, దాని స్వభావాన్ని కొద్ది అంకెల్లో మాత్రం పంపి, ప్లేయర్ చేత అలాంటి గరుకుదనాన్నే కొత్తగా చల్లిస్తారు. చూసేవారికి కనిపించే రేణువులు కెమెరా చూసినవి కావు. పునరుద్ధరించిన పాత సినిమాలకు ఇది తగునా అన్నది పట్టించుకోవలసిన ప్రశ్నే.

ఇన్నేళ్ల మార్పుల్లో తీవ్రంగా నష్టపోయింది మూలప్రతి. మోడెమ్ రోజుల్లో 20 కిలోబిట్లకు కుదించిన పాటలు, ఉపన్యాసాలు ఎన్నింటికో టేపు పాడైపోయాక ఆ చిన్న ఫైలే ఏకైక ప్రతిగా మిగిలింది. వదిలేసిన బిట్లు ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రావు. అలాంటి ఫైలును మళ్లీ ఎంపీ3గా, ఆపైన యూట్యూబ్ కోసం మరోసారి కుదిస్తే ఒక్కో విడతలో మరికొంత రాలిపోతుంది. అందుకే నిపుణులు ఎక్కించే ఫైలునూ దాచుకునే ఫైలునూ వేరు చేస్తారు. యూట్యూబ్ వంటి వేదికలు ఎలాగూ మళ్లీ కుదిస్తాయి కనుక వాటికి ఎక్కువ బిట్‌రేటులో హెచ్.264 గాని, ఆపిల్ 2007లో తెచ్చిన ప్రోరెస్ గాని ఇస్తారు. సినిమాను 24 ఫ్రేములలో తీస్తే 24లోనే, పాటను సెకనుకు 48,000 నమూనాలతో రికార్డు చేస్తే అదే లెక్కతో బయటికి తీస్తారు. పాత టేపు బొమ్మలోని సరి, బేసి గీతలను కలపడం ఒక్కసారే, మంచి సాధనంతో చేస్తారు. దాచుకోవడానికి మాత్రం ఏమీ వదలని కోడెక్‌లు ఉన్నాయి. ధ్వనికి ఫ్లాక్, బొమ్మకు ఎఫ్‌ఎఫ్‌వీ1. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో 2003లో పుట్టిన ఎఫ్‌ఎఫ్‌వీ1 ఫైలు పరిమాణాన్ని తగ్గిస్తూనే ప్రతి చుక్కనూ ఉన్నదున్నట్టు తిరిగి ఇస్తుంది. భద్రాగారాలు పాత టేపులను దానిలోకి ఎక్కించుకుంటున్నాయి. 2021 ఆగస్టులో దాని నిర్మాణ వివరాలు 9043 సంఖ్యతో ఆర్‌ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో చేరాయి. ఆ పత్రం ఉన్నంతకాలం ఆ ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా మళ్లీ రాసుకోవచ్చు. ఎవీ1 తర్వాత ఏ కోడెక్ వచ్చినా దానికి కావలసిన స్ట్రీమింగ్ ప్రతిని ఆ ఫైళ్లలోంచి తీసుకోవచ్చు.